బాపుకు రెండు మందుల ట్రయల్: సంతకం పెట్టే ముందు

ప్రశ్న: మా బాపుకు 61 ఏండ్లు, 60 కిలోల బరువు. పరకాల దగ్గర వ్యవసాయం. ఎడమ మడమ కింద నల్ల మచ్చ మూడేండ్ల నుంచి ఉంది. పత్తి చేన్ల ముల్లు దిగి ఆనె కట్టిందనుకొని రెండుసార్లు బ్లేడుతో గీకించినం. నిరుడు అది పుండయింది. ముక్క పరీక్ష చేస్తే మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్, అన్నరు. మడమ ఆపరేషన్ అయింది, గజ్జల్లో బిళ్లలు కూడా తీసిన్రు. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో నాలుగు మచ్చలు కనిపించినయి. బీరాఫ్ పరీక్షల ‘లేదు’ అని వచ్చింది. హైదరాబాద్‌ల ఒక ఆస్పత్రిల నివోలుమాబ్‌కు ఇంకో కొత్త మందు కలిపి ట్రయల్ నడుస్తుందట. సగం మందికి కొత్త మందు, సగం మందికి ఉత్త సెలైన్ అన్నరు. 20 పేజీల ఇంగ్లిష్ ఫారం ఇచ్చిన్రు. రెండు మందులంటే మంచిదే కదా అని నాకనిపిస్తుంది. మా చిన్నాయన మాత్రం ఎలుకల మీద చేసినట్టు చేస్తరు, వద్దంటున్నడు. చేర్పించాల్నా? మోకాళ్ల నొప్పులకు ఊళ్లె ఆర్‌ఎంపీ సూది, ఆకుల పసరు నడుస్తున్నయి. అవి ఆపాల్నా?
– హనుమకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ మాట, మీ చిన్నాయన మాట రెండూ సగం సగమే నిజం. రెండు మందులు కలిపితే బలం పెరుగుతుందన్న నమ్మకం మెలనోమాలో కొన్నిసార్లు నిలిచింది, కొన్నిసార్లు పూర్తిగా తప్పింది. ఏది నిలుస్తుందో, ఏది తప్పుతుందో ముందుగా తెలియదు కాబట్టే ట్రయల్ పెడతారు. అందుకని కొత్త మందు ఎంత గొప్పది అని అడిగితే మీకు పనికొచ్చే జవాబు రాదు. ఎవరికి ఏదన్నది చీటీ వేసి తేలుస్తారు కదా, సెలైన్ వైపు పడిన సగం మందికి ఇంకేం ఇస్తారు అని అడగాలి. అక్కడ నివోలుమాబ్ పూర్తి మోతాదులో ఇస్తుంటే, సెలైన్ పడ్డవాళ్లు మందు లేకుండా పోయినట్టు కాదు. ఈ రోజు ట్రయల్ బయట డబ్బు కట్టి తీసుకునే వైద్యమే వాళ్లకూ అందుతుంది. ఆ సెలైన్ నివోలుమాబ్‌కు తోడు ఎక్కించేదే తప్ప దాని బదులు ఎక్కించేది కాదు. ఫారంలో ఈ ఒక్క విషయం స్పష్టంగా ఉందో లేదో డాక్టరు చేత వేలు పెట్టి చూపించుకోండి.

రెండు మందుల ఆలోచన ఎక్కడిదో తెలిస్తే మిగతాది సులువవుతుంది. ఒంట్లోని రక్షక కణాలను జత ఎడ్లనుకోండి. అవి చేను తొక్కకుండా శరీరమే పగ్గాలు వేసి ఉంచుతుంది. అందులో ఒక పగ్గం సీటీఎల్ఏ-4. బిళ్లల్లో, అంటే లింఫ్ గ్రంథుల్లో, కణాలు తయారయ్యే దశలోనే ఇది పట్టి ఆపుతుంది. ఇంకోటి పీడీ-1. గడ్డ దగ్గరికి చేరిన కణాన్ని అక్కడ నిలబెట్టేస్తుంది. ఇపిలిముమాబ్ మొదటి పగ్గాన్ని, నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ రెండో పగ్గాన్ని వదులు చేస్తాయి. ఈ పగ్గాల సంగతి కనిపెట్టినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. రెండు పగ్గాలూ ఒకేసారి వదిలితే ఎడ్లు ఎక్కువ దున్నుతాయి. పక్క చేను తొక్కడం కూడా ఎక్కువే అవుతుంది.

ఎంత ఎక్కువ? చెక్‌మేట్-067 అనే ట్రయల్‌లో 945 మందిని మూడు భాగాలు చేశారు. ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు నూటికి ఇంతమంది: రెండు మందులూ తీసుకున్నవాళ్లలో 52, నివోలుమాబ్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 44, ఇపిలిముమాబ్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 26. పదేళ్లకు అవి 43, 37, 19 అయ్యాయి. ఒకప్పుడు ఈ దశ మెలనోమాలో ఏడాది గడవడమే గగనం కాబట్టి ఇవి చిన్న అంకెలు కావు. అయితే మందు వల్ల తీవ్రమైన ఇబ్బంది పడ్డవాళ్లు జంట మందుల్లో నూటికి 59 మంది, నివోలుమాబ్ ఒక్కటే అయితే 23 మంది. రెండో మందు తెచ్చే ఇబ్బందికి తగ్గ లాభం ఇస్తోందా అన్న లెక్క ఇక్కడే వేయాలి. ఆ లెక్క అందరికీ ఒకటి కాదు. మెదడుకు పాకినవాళ్లకు, రోగం వేగంగా పెరుగుతున్నవాళ్లకు జంట వైపు మొగ్గు ఉంటుంది. వయసు పైబడి, ఒంటరిగా ఉంటూ, రాత్రి పూట ఆస్పత్రికి చేరే దారి లేనివాళ్లకు ఒంటరి మందే మేలు కావచ్చు.

మోతాదు తిరగేస్తే ఫలితం మారుతుందని కూడా ట్రయల్సే చూపించాయి. మొదటి పద్ధతిలో కిలోకు ఇపిలిముమాబ్ 3 మిల్లీగ్రాములు, నివోలుమాబ్ 1 మిల్లీగ్రాము. మీ బాపు 60 కిలోలకు 180, 60 అవుతాయి. మూడు వారాలకోసారి, నాలుగు సార్లు. ఆ తర్వాత నివోలుమాబ్ ఒక్కటే సాగుతుంది. చెక్‌మేట్-511లో దీన్ని తిప్పి ఇపిలిముమాబ్ 1, నివోలుమాబ్ 3 ఇస్తే తీవ్రమైన ఇబ్బందులు నూటికి 48 నుంచి 34కి తగ్గాయి. కాబట్టి ‘ఇపి-నివో’ అన్న పేరు ఒక్కటే చెబితే సరిపోదు, ఎవరు చెప్పినా కిలోకు ఎంత అని అడగండి.

మీకు చెప్పిన ట్రయల్ రకం, అంటే పీడీ-1 మందుకు కొత్తది జోడించి చూడడం, ఇంతకు ముందు చాలాసార్లు జరిగింది. ఎపకడోస్టాట్ అనే మాత్ర కథ చూడండి. పెంబ్రోలిజుమాబ్‌తో కలిపి కొద్దిమందికి ఇచ్చి చూసినప్పుడు గడ్డలు బాగా తగ్గాయి. పక్కన పోల్చడానికి వేరే గుంపు లేదు. తర్వాత 706 మందిని చీటీ పద్ధతిలో రెండుగా విడదీసి, సగానికి ఉత్త మాత్ర ఇచ్చి చూస్తే ఏ తేడా కనబడలేదు. 2018లో అది అక్కడితో ముగిసింది. అదే పద్ధతిలో ల్యాగ్-3 అనే మూడో పగ్గాన్ని వదిలే రెలట్లిమాబ్‌ను నివోలుమాబ్‌కు జోడించి 714 మందిలో చూశారు. రోగం మళ్లీ పెరగకుండా నిలిచిన కాలం, మధ్యస్థం (మీడియన్) లెక్కన, ఒంటరి నివోలుమాబ్‌తో 4.6 నెలలు, జంటతో 10.1 నెలలు. అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. మొదట్లో రెండు మందులూ ఆశ పెట్టినవే. వాటిని వేరు చేసింది ఉత్త మాత్ర, ఉత్త సెలైన్ పడ్డ ఆ సగం మందే. మీ చిన్నాయనకు ఈ రెండు కథలూ చెప్పండి.

జంట కలపడంలో ఇంకో రకం తప్పు కూడా ఉంది. ఇపిలిముమాబ్‌కు, బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉన్నవాళ్లకిచ్చే వెమురఫెనిబ్ మాత్రను కలిపి ఇస్తే కాలేయం ఎంజైములు విపరీతంగా పెరిగి, ఆ ట్రయల్‌ను మొదటి దశలోనే ఆపేశారు. విడివిడిగా ఇస్తే రెండూ పనిచేసే మందులే. మొదటి దశ ట్రయల్ ఉన్నది ఇలాంటివి పట్టుకోవడానికే. సాధారణంగా ముగ్గురికి ఒక మోతాదు ఇస్తారు. ఎవరికీ తీవ్రమైన ఇబ్బంది రాకపోతే మోతాదు పెంచుతారు. ఒకరికి వస్తే అదే మోతాదులో ఇంకో ముగ్గురిని చూస్తారు. ఇద్దరికి వస్తే వెనక్కి తగ్గుతారు. మీ బాపును పిలిచినది చీటీ వేసే ట్రయల్ కాబట్టి ఆ దశ దాటినదే అయి ఉండాలి. అయినా రెండో దశా, మూడో దశా అని అడగండి. మొదటి దశ అంటే మాత్రం మీ ఆలోచన వేరుగా ఉండాలి. అక్కడ చూసేది ముందు మోతాదు ఎంత తట్టుకుంటారని, రోగం తగ్గిందా అన్నది తర్వాత.

ఇక మీ బాపు విషయం. అరికాలు, అరచేయి, గోళ్ల కింద వచ్చే మెలనోమా మన దేశంలో ఎక్కువగా కనబడే రకం. దీనికి ఎండతో సంబంధం లేదు. పైన చెప్పిన అంకెలన్నీ ఎక్కువగా తెల్లవాళ్ల ఒంటి మీది మెలనోమావి, వాటిలో అరికాలి రకం వాళ్లు చాలా కొద్దిమంది. అరికాలి రకంలో పీడీ-1 మందులకు స్పందన తక్కువ. అందుకే 52, 43 అన్న అంకెలను మీ బాపుకు నేరుగా అంటించకండి. ట్రయల్ డాక్టరును ఇలా అడగండి: ఈ ట్రయల్‌లో అరికాలి రకం వాళ్లను తీసుకుంటున్నారా, వాళ్లను విడిగా లెక్క కడతారా?

బీరాఫ్ మార్పు లేదు కాబట్టి డాబ్రఫెనిబ్, ట్రామెటినిబ్ అనే మాత్రల జంట మీకు కాదు. ఎవరికో బాగా పనిచేసిందని కొనుక్కురావద్దు. బీరాఫ్ మార్పు లేని గడ్డలో ఆ రకం మాత్ర రోగాన్ని ఉల్టా ఉసిగొల్పగలదు. అయితే కిట్ అనే జన్యువు పరీక్ష చేసినట్టు మీరు రాయలేదు. అరికాలి రకంలో కొందరికి కిట్ జన్యువులో మార్పు ఉంటుంది. ఉంటే ఇమాటినిబ్ మాత్ర, రోజుకు 400 మిల్లీగ్రాములు, ఒక దారి. రక్త క్యాన్సర్‌కు వాడే మాత్రే, మన దేశంలో తయారవుతుంది, ధర పగ్గాలు వదిలే ఇమ్యూనో మందులతో పోలిస్తే ఎంతో తక్కువ. అందరికీ పనిచేయదు, పనిచేసినా చాలామందిలో కొన్ని నెలలే. కానీ ఆ దారి ఉందో లేదో తెలియకుండా ట్రయల్‌లో చేరడం తొందరపాటు.

దానికి కొత్తగా ముక్క తీయాల్సిన పని సాధారణంగా ఉండదు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రి పాథాలజీ ల్యాబులో మీ బాపు ముక్క మైనపు బ్లాకు రూపంలో ఉంటుంది. రాతపూర్వకంగా అడిగి బ్లాకు తీసుకోండి, ఉత్త స్లైడులు తీసుకుంటే పరీక్షకు చాలకపోవచ్చు. బ్లాకు ఎండ తగిలే చోట, బండి డిక్కీలో పెట్టొద్దు, మైనం కరుగుతుంది. మెలనోమాకు ఇంకో చిక్కుంది. గడ్డలోని నల్ల రంగు పదార్థమే జన్యు పరీక్ష రసాయనాన్ని అడ్డుకుంటుంది. అందుకే ఒక్కోసారి ‘లేదు’ అని కాకుండా ‘పరీక్ష విఫలం’ అని వస్తుంది. మీ బీరాఫ్ రిపోర్టులో ఏ మాట ఉందో మళ్లీ చదవండి. విఫలమైతే గజ్జల నుంచి తీసిన బిళ్ల బ్లాకుతో మళ్లీ చేయించవచ్చు.

ఆర్‌ఎంపీ సూది గురించి మీరు చివర్లో రాశారు కానీ మేమైతే మొదట అడిగేది అదే. మోకాళ్ల నొప్పులకు పల్లెల్లో ఇచ్చే సూది చాలాసార్లు డెక్సామెథసోన్, అంటే స్టెరాయిడ్. డెక్సా 4 మిల్లీగ్రాములు అంటే ప్రెడ్నిసలోన్ లెక్కలో దాదాపు 27. ఇలాంటి ట్రయల్స్‌లో రోజుకు 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ దాటి స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లను తీసుకోరు. ఎడ్లను వదలడానికి మందు ఎక్కిస్తూ, ఇంకో చేత్తో పగ్గం బిగించినట్టవుతుంది మరి. సూది ఖాళీ సీసా, మాత్రల అట్ట దొరికితే డాక్టరుకు చూపించండి. తెల్ల పొట్లంలో కట్టిచ్చే మాత్రలకు పేరుండదు కాబట్టి వాటినీ తీసుకెళ్లండి. నెలల తరబడి వాడుతుంటే మీకు మీరే ఒక్కసారిగా ఆపొద్దు. శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీ మానేసి ఉంటుంది, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పినట్టు తగ్గిస్తూ ఆపాలి. తర్వాత ఎన్ని రోజుల విరామం ఉండాలో ట్రయల్ నియమాల్లో ఉంటుంది, సాధారణంగా రెండు వారాలు.

పసరు ఈ రోజే ఆపండి. దానిలో ఏముందన్న వాదన పక్కన పెడదాం. ఈ మందులతో కాలేయం దెబ్బతినవచ్చు, పసరుతో కూడా దెబ్బతినవచ్చు. ఎంజైములు పెరిగినప్పుడు దేనివల్లో తేలక, పనిచేస్తున్న మందును ఆపేయాల్సి వస్తుంది. సంగతి దాచిపెడితే కొత్త మందు మీద లేని నేరం పడుతుంది.

ఫారం సంగతికొస్తే, మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు దీనికి వర్తిస్తాయి. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగు ఫారం అడగడం మీ హక్కు, ఎవరూ మొహమాటపడాల్సిన పని లేదు. మీ బాపుకు చదవడం రాకపోతే, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. సంతకం మీది కాదు, ఆయనది. ఆయనకు అర్థమైందా అన్నదే చూడాలి. సంతకం చేసిన పత్రం కాపీ, వివరాల పత్రం ఇంటికి తెచ్చుకోండి. ఎప్పుడైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం నియమాల్లోనే ఉన్నాయి. తీవ్రమైన ఇబ్బంది వస్తే డాక్టరు 24 గంటల్లో పైకి తెలపాలి. ట్రయల్ నమోదు నంబరు సీటీఆర్‌ఐ అనే అక్షరాలతో మొదలవుతుంది. ఆ నంబరుతో ప్రభుత్వ రిజిస్ట్రీలో ఎవరైనా వివరాలు చూడవచ్చు. నంబరు చెప్పలేకపోతే లేచి వచ్చేయండి.

ఫారంలో అందరూ దాటేసే చోటు ఒకటుంది: ట్రయల్ ముగిశాక ఏమిటి? మందు మీ బాపుకు పనిచేస్తుండగా ట్రయల్ అయిపోతే, దాన్ని ఉచితంగా కొనసాగించే వీలు నియమాల్లో ఉంది. డాక్టరు సిఫారసు, ఎథిక్స్ కమిటీ ఆమోదం, వేరే మందు లేకపోవడం వంటి షరతులు ఉన్నాయి. ఈ ట్రయల్‌లో ఏం రాశారో చూడండి. డబ్బు గురించి కూడా అక్కడే తేలాలి. కొత్త మందు ఉచితమే. నివోలుమాబ్, స్కాన్లు, రక్త పరీక్షలు, ఇబ్బంది వచ్చి ఆస్పత్రిలో చేరితే అయ్యే ఖర్చు ఎవరివి? హనుమకొండ నుంచి వచ్చిపోయే ఛార్జీలు ఇస్తారా? ఒక్కొక్కటీ విడిగా అడిగి రాయించుకోండి. ట్రయల్ బయట వైద్యం అయితే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగిన మాట నిజమే కానీ, ప్యాకేజీలో ఉన్న వైద్యానికే అది వర్తిస్తుంది. నివోలుమాబ్ ఉందా లేదా అని ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగాకే లెక్క వేసుకోండి. తల, మెడ క్యాన్సర్‌లో 20 మిల్లీగ్రాముల తక్కువ మోతాదు నివోలుమాబ్ మన దేశంలోనే పరీక్షించి మంచి ఫలితం చూపారు. అది మెలనోమాకు రుజువు కాదు, ఖర్చు తగ్గుతుందని ఎవరైనా చెబితే ఆ తేడా గుర్తుంచుకోండి. రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్ రెండింటిలోనూ మెడికల్ ఆంకాలజీ విభాగాలున్నాయి.

చేర్చుకునే ముందు మెదడు ఎమ్మారై, పెట్ లేదా సీటీ స్కాన్, ఎల్‌డీహెచ్, కాలేయం, కిడ్నీ, థైరాయిడ్, షుగరు, హెపటైటిస్-బి, ఈసీజీ వంటివి చేస్తారు. టీబీ పాత చరిత్ర ఉంటే తప్పక చెప్పండి. తర్వాత పేగు వాపు వచ్చి స్టెరాయిడ్‌కు లొంగకపోతే ఇచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్, నిద్రపోతున్న టీబీని లేపవచ్చు. మొదటి స్కాన్ సాధారణంగా 8 నుంచి 12 వారాల మధ్య చేస్తారు. కొలిచే మచ్చల మొత్తం 30 శాతం తగ్గితే స్పందన, 20 శాతం పెరిగితే పెరుగుదల అని లెక్క. కొద్దిమందిలో రక్షక కణాలు చేరి గడ్డ ముందు ఉబ్బి తర్వాత తగ్గుతుంది. మనిషి హుషారుగా ఉంటే నాలుగు వారాలాగి మళ్లీ స్కాన్ చేసి చూస్తారు. నీరసించిపోతుంటే మాత్రం ఉబ్బు అని సర్దుకోవడం ప్రమాదం, అక్కడ చాలామంది నెలలు పోగొట్టుకుంటారు.

మా అభిప్రాయం ఇదీ: సెలైన్ పడ్డ గుంపుకు నివోలుమాబ్ పూర్తి మోతాదులో ఇస్తుంటే, కిట్ పరీక్ష చేసి అందులో దారి దొరక్కపోతే, ఇది మూడో దశ లేదా చీటీ వేసే రెండో దశ అయితే, చేరడమే మేలు. ఈ మూడింటిలో ఏది తప్పినా ఇంకోసారి మాట్లాడాకే సంతకం. అయితే ఇంకో షరతు ఉంది, అది మీ చేతిలోదే. ఈ మందుల ఇబ్బందులు చాలావరకు ఆస్పత్రిలో ఉండగా రావు, ఇంటికొచ్చాక వస్తాయి. దద్దురు, దురద మొదటి వారాల్లో, పేగు వాపు ఆరు వారాలు అటూ ఇటూగా, కాలేయం ఆ తర్వాత, థైరాయిడ్, పిట్యూటరీ (మెదడు కింది హార్మోన్ గ్రంథి) ఇంకా ఆలస్యంగా. మందు ఆపిన నెలల తర్వాత కూడా రావచ్చు. విరేచనాలు మామూలు కన్నా రోజుకు నాలుగు ఎక్కువైతే అదే రోజు ఫోన్ చేయాలి, ఏడు లేదా అంతకు మించి ఎక్కువైతే ఆస్పత్రిలో చేర్చాలి. కొత్తగా దమ్ము, పొడి దగ్గు, ఛాతీ నొప్పి, కళ్లు పచ్చబడడం, తగ్గని తలనొప్పి, నిలబడితే కళ్లు తిరగడం, వీటిలో ఏదైనా తెల్లారేదాకా ఆగొద్దు. గుండె కండరం వాపు అరుదే కానీ వస్తే గంటలే లెక్క. స్టెరాయిడ్ ఇస్తే మందు పని పోతుందని భయపడి దాచేవాళ్లున్నారు. ఇబ్బంది వచ్చాక ఇచ్చే స్టెరాయిడ్ ముందు నుంచి వాడే స్టెరాయిడ్ లాంటిది కాదు. జంట మందులు ఇబ్బంది వల్ల మధ్యలో ఆపేసినవాళ్లు కూడా మిగతావాళ్లతో సమానంగానే నిలిచారు.

రాత్రి రెండింటికి హైదరాబాద్ 145 కిలోమీటర్లు పోలేరు, ముందు వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి క్యాజువాలిటీకే పోతారు. అక్కడి డ్యూటీ డాక్టరు క్యాన్సర్ మందు అనగానే కీమో అనుకొని విరేచనాలకు సెలైన్, యాంటీబయాటిక్ పెట్టి పంపే అవకాశం ఉంది. అందుకని ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి బాపు జేబులో పెట్టండి: ఇమ్యూనోథెరపీ ట్రయల్‌లో ఉన్నారు, నివోలుమాబ్ మరియు పరీక్షలో ఉన్న మందు, ఆఖరి డోసు తేదీ ఇది, ఇది కీమో కాదు, స్టెరాయిడ్ అవసరమా అని ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఆ నంబరు ట్రయల్ డాక్టరుదే అయి ఉండాలి, రిసెప్షన్‌ది వద్దు. సంతకం పెట్టే రోజే తీసుకుని, అక్కడే ఒకసారి రింగ్ చేసి చూసుకోండి.